రక్తం పలికే సాక్ష్యం: తీవ్ర సెప్సిస్‌లో రక్తసూచికలు

ఋణశేషం, వ్రణశేషం, శత్రుశేషం ఉంచరాదని మన పెద్దలు చెప్పారు. తీరకుండా మిగిలిన అప్పు, మానకుండా మిగిలిన పుండు, చల్లారకుండా మిగిలిన పగ మూడూ మనం ఏమరుపాటున ఉన్నప్పుడు పెరుగుతాయని వారి భావం. వీటిలో రెండవదానిని గూర్చిన సత్యం గత వర్షాకాలంలో మా కుటుంబానికి అనుభవంలోకి వచ్చినది.

మా మేనమామ గారు దర్జీ. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కిన మనిషి. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గిపోయినందున, చెప్పు ఒరిసి బొటనవ్రేలి వద్ద పుండు పడిన సంగతి వారికే ఆలస్యంగా తెలిసింది. మొదట పసుపు పెట్టారు. పిమ్మట మందుల దుకాణంలో అడిగి ఏవో బిళ్ళలు తెచ్చి వేసుకున్నారు. నాలుగవనాడు చలి, వణుకు, ఆయాసం కనిపించాయి. ఆ సాయంత్రం ఎదుట ఎవరూ లేకపోయినా చొక్కా కొలతలు అడగడం మొదలుపెట్టారు. అప్పుడుగాని మేము ఆసుపత్రికి పరుగెత్తలేదు.

ఆ రాత్రి ఇంటెన్సివ్ కేర్ వార్డు వెలుపల బల్లమీద కూర్చున్న మా చేతికి ఒక కాగితం వచ్చింది. దానినిండా అంకెలే. మామూ కుమార్తె దానిని నాకిచ్చి, "భాయ్, మీరు చదువుకున్నవారు. ఇది ఏమంటున్నది? అబ్బా బతుకుతారా?" అని అడిగింది. 'లాక్టేట్ 4.6' అన్నచోట ఎర్రగీత గీసి ఉన్నది. అదే బల్లమీద కూర్చున్న మరొక యువకుడు, నేను అధ్యాపకుడనని విని, తన అన్నగారి కాగితాన్ని కూడా నాకు చూపించాడు. అందులో అదే పరీక్ష 2.4 అని ఉన్నది. "మాదానిలో సగమే కదా, మీరేమీ భయపడకండి" అని అతనికి ధైర్యం చెప్పాను.

మూడవనాడు అతని అన్న మరణించాడు. మా మామూ రెండు కాలివ్రేళ్ళు పోగొట్టుకున్నా, ప్రాణాలతో ఇంటికి వచ్చారు.

నేను ఆ మాటను మంచి మనస్సుతోనే అన్నాను. కాని అది తప్పు మాట. ఎందుకు తప్పో తెలుసుకోవాలన్న ఆరాటంతో మా కళాశాలలోని రసాయనశాస్త్ర, జంతుశాస్త్ర అధ్యాపక మిత్రులను అడిగి, పుస్తకాలు తిరగవేసి, నేను గ్రహించిన సంగతులను విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

సెప్సిస్ అంటే ఏమిటి?

"పుండు సెప్టిక్ అయింది" అనే మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. అక్కడ దాని అర్థం చీము పట్టిందని మాత్రమే. వైద్యశాస్త్రంలో సెప్సిస్ అనే మాటకు అంతకంటె ఎంతో గంభీరమైన అర్థం ఉన్నది. కుళ్ళిపోవడం అనే అర్థంగల ప్రాచీన గ్రీకు పదం నుండి ఈ మాట పుట్టింది.

ఊపిరితిత్తులలోనో, మూత్రమార్గంలోనో, కడుపులోనో, ఒక పుండులోనో సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. వాటిని ఎదిరించడానికి శరీరం తన రక్షణబలాలను పంపుతుంది. సాధారణంగా ఆ పోరాటం ఆ చోటనే ముగిసిపోతుంది. కొందరిలో మాత్రం ఆ ప్రతిస్పందన అదుపు తప్పి శరీరమంతటా వ్యాపిస్తుంది. రక్తనాళాలు సడలి రక్తపోటు పడిపోతుంది. సన్నని నాళాలలో రక్తం గడ్డలు కడుతుంది. మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు, శత్రువు చేసిన హాని కంటె మన శరీరం తనకు తాను చేసుకున్న హాని అధికమవుతుంది.

1991లో అమెరికాలో జరిగిన ఒక నిపుణుల సమావేశం, అవయవాలు దెబ్బతిన్న సెప్సిస్‌కు 'తీవ్ర సెప్సిస్' అని పేరు పెట్టింది. 2016లో ప్రకటించిన కొత్త నిర్వచనం ఆ విశేషణాన్ని తొలగించింది. అవయవాలు దెబ్బతింటేనే అది సెప్సిస్, కాబట్టి తీవ్రం కాని సెప్సిస్ అంటూ లేదని దాని సారాంశం. అయినా పాత పేరు నేటికీ వైద్యుల నోట వినిపిస్తూనే ఉన్నది. నేనూ ఆ అర్థంలోనే దానిని ఇక్కడ వాడుతున్నాను.

ఇది అరుదైన జబ్బు కాదు. 2017వ సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ సోకినదని, 1 కోటి 10 లక్షల మంది దానితో ముడిపడి మరణించారని 2020లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అంచనా చెబుతున్నది. అంటే ఆ ఏడాది లోకంలో సంభవించిన ప్రతి 5 మరణాలలో దాదాపు ఒకదాని వెనుక సెప్సిస్ ఉన్నది. అదే 2017లో ప్రపంచ ఆరోగ్య సభ సెప్సిస్ నివారణను, చికిత్సను దేశాలన్నీ ప్రాధాన్యంగా చేపట్టాలని తీర్మానించింది.

రక్తాన్నే ఎందుకు అడుగుతారు?

కాలేయం ఎలా ఉన్నదో, మూత్రపిండం అలసిపోయిందో లేదో వైద్యుడు కంటితో చూడలేడు. కాని ప్రతి అవయవమూ తన పనికి కావలసినది రక్తం నుండి తీసుకొని, తన పనిలో పుట్టినది రక్తంలోనే వదులుతుంది. ఊరిలోని ఇళ్ళ నీరంతా కలిసే కాలువను పరిశీలించినవాడికి ఏ వీధిలో ఏమి జరుగుతున్నదో కొంత తెలిసినట్లే, రక్తాన్ని పరిశీలించిన వైద్యుడికి లోపలి సంగతి కొంత తెలుస్తుంది. ఈ విధంగా కొలవడానికి వీలైన పదార్థాలనే రక్తసూచికలు అంటారు.

ఈ సూచికలను రెండు వేరువేరు ప్రశ్నలు అడుగుతారు. ఈ మనిషికి ఉన్న జబ్బు ఏమిటన్నది మొదటిది. ఈ జబ్బు ఎటు పోతుందన్నది రెండవది. ఒక ప్రశ్నకు చక్కగా జవాబు చెప్పే సూచిక రెండవదానికి సరిగా చెప్పలేకపోవచ్చును. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే తరువాతి సంగతులు సులభంగా అర్థమవుతాయి.

లాక్టేట్: పులిసిన పాలనుండి ప్రాణరక్షణ దాకా

స్వీడన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త షీలే 1780లో పులిసిన పాలనుండి ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. పాలకు లాటిన్‌లో ఉన్న పేరునుబట్టి దానికి లాక్టిక్ ఆమ్లం అన్న పేరు వచ్చింది. మన ఇంట్లో పెరుగుకు పులుపునిచ్చేది ఇదే. 1843లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో షేరర్ అనే వైద్యుడు, సూతికా జ్వరంతో మరణించిన బాలింతల రక్తంలో ఈ ఆమ్లం ఉన్నట్లు ప్రకటించాడు. సూతికా జ్వరం కూడా సెప్సిస్ రూపాలలో ఒకటే. ఆరోగ్యవంతుల రక్తంలో తాను కనుగొనలేని ఆమ్లం ఈ తల్లుల రక్తంలో ఎందుకు ఉన్నదన్నది షేరర్‌కు ఎదురైన ప్రశ్న. ఆ తరువాత నాలుగేళ్ళకు, 1847లో, వియన్నాలో సెమ్మెల్‌వైస్ వైద్యులచేత క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగించి అదే జ్వరంవలన కలిగే మరణాలను ఎంతగానో తగ్గించాడు.

లాక్టేట్ ఎందుకు పుడుతుందో తెలుసుకోవాలంటే మన తెలుగువాడొకరిని స్మరించుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కేతో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని రంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ మార్గంలోనే ముందుకు సాగి 1929లో కండరాలలో ఏ.టి.పి. అనే పదార్థాన్ని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా దీనిని కనుగొన్నాడు. ఈ ఏ.టి.పి. జీవకణం చేతిలోని నాణెం వంటిది. కణం చేసే ప్రతి పనికీ ఇదే వెల. ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నప్పుడు ఒక గ్లూకోజు అణువు నుండి సుమారు ముప్పై ఏ.టి.పి.లు లభిస్తాయి. ప్రాణవాయువు అందనప్పుడు లభించేవి 2 మాత్రమే, ఆ దారిలో మిగిలేది లాక్టేట్. కనుక రక్తంలో లాక్టేట్ పెరిగిందంటే ఎక్కడో కణాలు కొరతతో కాలం గడుపుతున్నాయని అనుమానించవచ్చును.

అయితే కథ అంతటితో ముగియలేదు. సెప్సిస్‌లో ప్రాణవాయువు కొరత లేనిచోట కూడా లాక్టేట్ పెరుగుతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. ఆపద సమయంలో శరీరం విడుదలచేసే ఎడ్రినలిన్ కణాలను తొందరపెట్టి గ్లూకోజును వేగంగా ఖర్చు చేయిస్తుంది. మరొకవైపు, లాక్టేట్‌ను తిరిగి వాడుకోవలసిన కాలేయం మందగిస్తుంది. మూర్ఛ వచ్చినప్పుడు, కాలేయ వ్యాధిలో, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మూత్రపిండాలు చెడినవారి శరీరంలో పేరుకుపోయినప్పుడు కూడా ఇది పెరగవచ్చును. కాబట్టి లాక్టేట్ ఆపద ఉన్నదని చెబుతుందేగాని, ఆపద పేరును ఎల్లప్పుడూ చెప్పదు.

ఆరోగ్యవంతుల రక్తంలో లీటరుకు 2 మిల్లీమోల్‌ల లోపు లాక్టేట్ ఉంటుంది. 4 లేదా అంతకు మించితే ప్రమాదం అధికమని వైద్యులు భావిస్తారు. షాక్‌లో ఉన్న రోగుల లాక్టేట్‌కు, వారు బ్రతికే అవకాశానికి సంబంధం ఉన్నదని 1964లోనే బ్రోడర్, వైల్ అనే అమెరికన్ వైద్యులు ప్రకటించారు. 2016 నిర్వచనం ప్రకారం, తగినంత ద్రవం ఎక్కించినప్పటికీ రక్తపోటు నిలపడానికి మందు అవసరమై, లాక్టేట్ 2కు మించి ఉంటే అది సెప్టిక్ షాక్. ఆ స్థితికి చేరినవారిలో నూటికి 40 మందికి పైగా ఆసుపత్రిలోనే మరణిస్తారని లెక్క.

ఈ లెక్కను రెండవవైపు నుండి కూడా చదవాలి. నూటికి 40 మందికి పైగా మరణిస్తారంటే, సగం కంటె ఎక్కువమంది బ్రతుకుతారనే గదా! ఆ నూరుమందిలో మన మనిషి ఏ వైపున ఉన్నాడో ఆ అంకె చెప్పదు.

మంట తెలిపే సూచికలు

1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తంలో ఒక విచిత్రాన్ని గమనించారు. న్యుమోనియా కలిగించే సూక్ష్మజీవి పైనుండి తీసిన 'సి' అనే పదార్థంతో కలిపినప్పుడు ఆ రక్తద్రవం గడ్డగా విడిపోతున్నది. రోగం నయమైన పిమ్మట ఆ గుణం మాయమవుతున్నది. అదే సి-రియాక్టివ్ ప్రోటీన్. నేడు ప్రయోగశాలల కాగితాలపై సి.ఆర్.పి. అని కనిపించేది ఇదే. శరీరంలో ఎక్కడ మంట చెలరేగినా ఇంటర్‌ల్యూకిన్-6 అనే వార్తాహరి కాలేయానికి కబురు చేరుస్తుంది. కాలేయం కొద్ది గంటలలో సి.ఆర్.పి.ని తయారుచేయడం ప్రారంభిస్తుంది. అది దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. అయితే కీళ్ళవాతంలో, దెబ్బ తగిలినప్పుడు, శస్త్రచికిత్స తరువాత కూడా ఇది పెరుగుతుంది. మంట ఉన్నదని చెప్పగలదు, నిప్పు పెట్టినవాడు ఎవడో చెప్పలేదు.

ఆ లోపాన్ని కొంతవరకు తీర్చినది ప్రోకాల్సిటోనిన్. సాధారణంగా ఇది థైరాయిడ్ గ్రంథిలో కాల్సిటోనిన్ అనే హార్మోనుకు పూర్వరూపంగా ఉంటుంది. ఆరోగ్యవంతుల రక్తంలో మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము కూడా ఉండదు. బాక్టీరియా తీవ్రంగా సోకినప్పుడు శరీరంలోని అనేక అవయవాలు దీనిని రక్తంలోకి విడుదల చేస్తాయి. ఈ సంగతిని 1993లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 79 మంది పిల్లలను పరీక్షించి లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. వైరసు జ్వరాలలో ఇది అంతగా పెరగదు. అయినా పెద్ద శస్త్రచికిత్స, కాలిన గాయాలు, మూత్రపిండాల వైఫల్యం దీనినీ పెంచగలవు.

ప్రోకాల్సిటోనిన్ ఎంత ఉన్నదనే దానికంటె ఎంత వేగంగా తగ్గుతున్నదనేది ముఖ్యం. 2017లో ప్రకటితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, నాలుగవనాటికి ఇది 80 శాతానికి మించి తగ్గినవారిలో 28 రోజులలోపు మరణాలు నూటికి 10 ఉండగా, అంతగా తగ్గనివారిలో నూటికి 20 ఉన్నాయి. బ్రిటన్‌లో 2,760 మంది రోగులపై జరిగి 2024లో వెలువడిన మరొక అధ్యయనం, ప్రతిదినం దీనిని కొలుస్తూ నడుచుకుంటే యాంటీబయాటిక్ మందుల కాలాన్ని దాదాపు ఒక రోజు నిరపాయంగా తగ్గించవచ్చునని తేల్చింది. సి.ఆర్.పి.ని కొలిచినప్పుడు ఆ ప్రయోజనం కనిపించలేదు. ఈ విధంగా మందు ఎప్పుడు ఆపాలో నిర్ణయించడానికి ప్రోకాల్సిటోనిన్ సాయపడుతుంది. ఎప్పుడు ప్రారంభించాలో నిర్ణయించడానికి మాత్రం దానికోసం వేచి ఉండవద్దని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శక సూత్రాలు సూచించాయి.

అవయవాల సాక్ష్యం

పై సూచికలు పోరాటాన్ని గూర్చి చెబితే, పాత పరీక్షలు కొన్ని పోరాటంలో కలిగిన నష్టాన్ని గూర్చి చెబుతాయి. మూత్రపిండం మందగిస్తే క్రియాటినిన్ పెరుగుతుంది. కాలేయం దెబ్బతింటే కామెర్లకు మూలమైన బిలిరుబిన్ పెరుగుతుంది. సన్ననాళాలలో రక్తం గడ్డకట్టడం మొదలైతే ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి. డెంగీ జ్వరం పుణ్యమా అని ప్లేట్‌లెట్ల పేరు మన పల్లెలలో కూడా అందరికీ తెలుసు. అవి తగ్గడం సెప్సిస్‌లోనూ మంచి శకునం కాదు.

ఈ పరీక్షలను కలిపి చూడటానికి 1996లో 'సోఫా' అనే గణనపద్ధతిని యూరప్ వైద్యులు ప్రకటించారు. ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టే శక్తి, కాలేయం, రక్తప్రసరణ, మెదడు, మూత్రపిండాలు అనే 6 విభాగాలకు నష్టాన్నిబట్టి 0 నుండి 4 వరకు మార్కులు వేస్తారు. ఇక్కడ మార్కులు పెరగడం వైఫల్యానికి గుర్తు! మొత్తం 24. సూక్ష్మజీవులు సోకినవారిలో ఈ మొత్తం 2 లేక అంతకు మించి పెరిగితే దానిని సెప్సిస్ అంటారు. 2001లో బెల్జియంనుండి వెలువడిన ఒక పరిశీలనలో, మొదటి 48 గంటలలో ఈ మార్కులు పెరిగినవారిలో కనీసం సగంమంది మరణించారు. తగ్గినవారిలో మరణాలు నూటికి 27 లోపే. ఇక్కడ కూడా మొదటి అంకె కంటె, అది కదిలిన దిక్కే ఎక్కువ సంగతి చెప్పింది.

సూచిక వేరు, కారణం వేరు

2010 నాటికి సెప్సిస్‌కు సూచికలుగా పరిశోధకులు ప్రతిపాదించిన పదార్థాలు 178. 2020లో మళ్ళీ లెక్కించగా అవి 258 అయ్యాయి. ఇన్ని ఉన్నప్పటికీ, ఏ ఒక్కటీ తాను ఒంటరిగా రోగి భవిష్యత్తును నిర్ణయించి చెప్పగలిగే స్థితిలో లేదు. సెప్సిస్ అనే ఒక పేరు క్రింద వేరువేరు వయస్సుల, వేరువేరు సూక్ష్మజీవుల, వేరువేరు పూర్వవ్యాధుల మనుషులు ఉండటమే దీనికి ప్రధాన కారణం.

ఇంకొక పాఠం కూడా ఉన్నది. రక్తం గడ్డకట్టకుండా కాపాడే 'ప్రోటీన్ సి' అనే పదార్థం సెప్సిస్ రోగులలో తగ్గిపోతుందని, ఎంత తగ్గితే మరణ భయం అంత ఎక్కువని వైద్యులు గమనించారు. తగ్గినదానిని బయటనుండి ఇస్తే రోగి కోలుకుంటాడని ఆశించడం సహజమే. 1,690 మందిపై జరిగి 2001లో వెలువడిన పరీక్షలో, ఉత్తేజితం చేసిన ఆ ప్రోటీన్‌ను మందుగా ఇచ్చినప్పుడు మరణాలు 30.8 శాతం నుండి 24.7 శాతానికి తగ్గాయి. ఆ మందు వాడుకలోకి వచ్చింది. పది సంవత్సరాల తరువాత 1,697 మంది సెప్టిక్ షాక్ రోగులపై జరిగిన రెండవ పరీక్షలో మందు పుచ్చుకున్నవారిలో 26.4 శాతం, పుచ్చుకోనివారిలో 24.2 శాతం మరణించారు. ప్రయోజనం కనిపించలేదు. 2011 అక్టోబరులో ఆ మందును ప్రపంచమంతటా ఉపసంహరించారు. గడియారపు ముల్లును వెనుకకు త్రిప్పినంత మాత్రాన గడచిన కాలం తిరిగి రాదు. సూచికను సరిచేయడం, రోగాన్ని సరిచేయడం ఒకటి కాదు.

దక్షిణ అమెరికాలోని 5 దేశాలలో 424 మంది సెప్టిక్ షాక్ రోగులపై జరిగి 2019లో వెలువడిన పరీక్ష మరింత ఆలోచింపజేస్తుంది. సగంమందికి లాక్టేట్‌ను మాటిమాటికి కొలుస్తూ చికిత్స చేశారు. మిగిలిన సగంమందికి చూపుడువ్రేలి కొసను గాజుపలకతో 10 సెకన్లు నొక్కి వదిలి, పాలిపోయిన చర్మానికి రంగు ఎన్ని సెకన్లలో తిరిగి వస్తున్నదో చూస్తూ చికిత్స చేశారు. 28 రోజులలో మొదటి వర్గంలో 43.4 శాతం, రెండవ వర్గంలో 34.9 శాతం మరణించారు. ఈ తేడా యాదృచ్ఛికం కాదని గణితం పూర్తిగా నిర్ధారించలేకపోయినా, వ్రేలిని నొక్కి చూసిన వైద్యుడు యంత్రాన్ని నమ్మిన వైద్యుని కంటె వెనుకబడలేదన్నది స్పష్టం. రక్తపరీక్ష ఎంత గొప్పదైనా రోగి ప్రక్కన నిలబడి చూసే కంటికి, తాకే చేతికి బదులు కాజాలదు.

నా తప్పు ఎక్కడ?

ఇప్పుడు ఆ రాత్రికి తిరిగి వస్తాను. నేను రెండు కాగితాలలోని రెండు అంకెలను పోల్చి, పెద్ద అంకె గలవాడికి పెద్ద ఆపద, చిన్న అంకె గలవాడికి చిన్న ఆపద అనుకున్నాను. విద్యార్థుల మార్కుల పట్టీలను చూసే అలవాటు అక్కడ కూడా పనిచేసింది. ఆ తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న యువ వైద్యుడు బయటకు వచ్చినప్పుడు, "డాక్టరు గారూ, 4.6 అంటే చాలా ఎక్కువ గదా?" అని అడిగాను. ఆయన అలసటతోనే నిలబడి, "సార్, రాత్రి వచ్చిన అంకె గురించి కాదు, ఇప్పుడు వచ్చిన అంకె గురించి అడగండి" అన్నాడు. ఆరు గంటల తరువాత మామూ లాక్టేట్ 3.1. మరునాటికి 1.8. నాలుగవనాటికి ప్రోకాల్సిటోనిన్ 38 నుండి 6కు దిగింది. క్రియాటినిన్ మాత్రం రెండు రోజులు పెరిగి, ఆ తరువాతనే తగ్గుముఖం పట్టింది.

ప్రక్క మంచం మీది మనిషి లాక్టేట్ 2.4 నుండి 2.9కి, తెల్లవారేసరికి 4.1కి ఎక్కింది. మందులు, ద్రవాలు అందుతున్నప్పటికీ ఎక్కింది. మొదటి కాగితంలోని చిన్న అంకె అబద్ధం కాదు. అది ఆ క్షణానికి మాత్రమే నిజం. ఒక మనిషిని మరొక మనిషితో పోల్చడం నా పొరపాటు. ఆ మనిషిని ఆరు గంటల క్రిందటి ఆ మనిషితోనే పోల్చవలసి ఉన్నది.

అతని తమ్ముడు మూడవనాడు నాకు ఎదురుపడినప్పుడు నన్ను ఏమీ అనలేదు. "మీరు చెప్పారు గదా సార్" అని కూడా అనలేదు. అందుకే ఆ సంగతి నాకు మరీ గుర్తుండిపోయింది.

విద్యార్థులకు నా మనవి

రక్తసూచిక సాక్షి వంటిది, తీర్పరి కాదు. సాక్షి తాను చూసినంత చెబుతాడు. ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పడం న్యాయం కాదు. సాక్షి మాటను పెడచెవిన పెట్టడమూ న్యాయం కాదు. మీ ఇంటిలో ఎవరికైనా ఇటువంటి ఆపద కలిగినప్పుడు, "ఈ అంకె ఎంత?" అని అడిగి ఊరుకోకండి. "నిన్నటి కంటె ఎంత మారింది? దీనినిబట్టి మీరు చికిత్సలో ఏమి మారుస్తున్నారు?" అని వినయంగా అడగండి. ఆ ప్రశ్నకు మన భాషలో జవాబు పొందడం మన హక్కు. నా వలె తెలియని సంగతిలో ఇతరులకు ధైర్యం చెప్పకండి, అధైర్యమూ చెప్పకండి.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. 2006లో ప్రకటించిన ఒక పరిశీలనలో, సెప్టిక్ షాక్‌లో రక్తపోటు పడిపోయిన తరువాత తగిన యాంటీబయాటిక్ ఇవ్వడంలో జరిగిన ప్రతి గంట ఆలస్యానికి, బ్రతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గినట్లు తేలింది. ఆసుపత్రిలో రక్తం చెప్పే సాక్ష్యానికి ముందే, ఇంట్లో శరీరం సాక్ష్యం చెబుతుంది. జ్వరంతోపాటు, లేదా ఒళ్ళు అసహజంగా చల్లబడటంతోపాటు, ఆయాసం, వణుకు, మాట తడబడటం, మతిమరపు, మూత్రం తగ్గడం, చర్మం పాలిపోవడం లేదా మచ్చలు తేలడం కనిపిస్తే, అది మందుల దుకాణానికి వెళ్ళే సమయం కాదు. మధుమేహం గలవారు, వృద్ధులు, పసిపిల్లలు, బాలింతలు ఉన్న ఇంటిలో మరింత జాగ్రత్త అవసరం. మా మామూ నాలుగు రోజులు ఇంట్లో గడిపారు. పోయిన రెండు వ్రేళ్ళు ఆ నాలుగు రోజుల వెల.

మా కళాశాల కార్యవర్గం వారికి కూడా ఒక విన్నపం. ఏటా ఒక్కసారి ఒక వైద్యుని పిలిపించి, ఇటువంటి విషయాలపై తెలుగులోను, ఉర్దూలోను విద్యార్థులకు ఉపన్యాసం ఏర్పాటు చేస్తే, అది ప్రతి విద్యార్థి వెంట ఒక ఇంటికి చేరుతుంది. ఆసుపత్రి బల్లమీద అర్ధరాత్రి నేర్చుకోవలసి వచ్చిన పాఠాన్ని తరగతిగదిలో పగటివేళ నేర్చుకోగలిగితే అంతకు మించిన మేలు లేదు.

మామూ ఇప్పుడు మళ్ళీ మిషను తొక్కుతున్నారు. ప్రతి రాత్రి పడుకునే ముందు మనుమరాలు దీపం వెలుగులో ఆయన పాదాలు పరీక్షించి, పుండు లేదని చెప్పిన తరువాతనే నిద్రపోతారు.